కేస్ వెన్ పెట్టాక కొందరు రైతుల పట్టీల్లో అమౌంట్ ఖాళీగా వస్తోంది

హంద్రీ_గట్టు · రాత్రి 8:41
కర్నూలులో ఒక ఎర్రగడ్డల మండీకి బిల్లింగ్ నేనే చూస్తాను. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. ఇన్నాళ్లూ తరుగు, హమాలీ లెక్క గుమస్తా చేత్తో వేసి ఎంటర్ చేసేవాడు. గ్రేడును బట్టి, సంచుల సంఖ్యను బట్టి అదే పడేట్టు పోయిన వారం క్వెరీలో కేస్ (ఏ షరతు కుదిరితే ఏ విలువ పడాలో చెప్పేది) పెట్టాను. రోజుకు 150 పట్టీల (రైతుకిచ్చే సరుకు బిల్లులు) దాకా పోతాయి.

ఈ రోజు కోడుమూరు వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన పట్టీ తీసుకుని మళ్లీ కౌంటర్ దగ్గరికొచ్చాడు. సంచులు 62, బరువు 31 క్వింటాళ్లు, రేటు 1,400. అన్నీ ఉన్నాయి. కింద రావాల్సిన మొత్తం దగ్గర మాత్రం ఏమీ లేదు. సున్నా కూడా కాదు, ఖాళీ. కాగితం నా ముందు పెట్టి "ఏం నాయనా, నా సరుక్కి లెక్క కట్టలేదా?" అన్నాడు. చేత్తో లెక్క కట్టి పంపాం. కానీ అప్పటి నుంచి ఇంకే పనీ తోచడం లేదు. క్వెరీ ఇది:

సెలెక్ట్ పట్టీ_నం, బరువు, రేటు,
కేస్ గ్రేడ్ వెన్ 'ఎ' దెన్ 2 వెన్ 'బి' దెన్ 4 వెన్ 'సి' దెన్ 6 ఎండ్ యాజ్ తరుగు,
కేస్ వెన్ సంచులు > 0 దెన్ 12 వెన్ సంచులు > 50 దెన్ 10 వెన్ సంచులు > 100 దెన్ 8 ఎండ్ యాజ్ హమాలీ
ఫ్రమ్ సరుకు

తరుగు అంటే క్వింటాలుకు ఇన్ని కిలోలు తీసేస్తాం. హమాలీ సంచికి ఇన్ని రూపాయలు. మొత్తాన్ని ఈ రెండింటి మీద లెక్కేస్తాను.

సీమ_సర్వర్ · 8:47
ఎల్స్ లేదు. ఏ వెన్ కుదరకపోతే ఏం పడాలో చెప్పలేదు.

బండల_బాబు · 8:49
అవును, ఎల్స్ 0 పెట్టెయ్ అన్నా, సరిపోతుంది.

పెన్నమ్మ · 8:58
బాబు తమ్ముడూ, అది మాత్రం పెట్టించకు. గ్రేడు తెలియని సరుక్కి ఎల్స్ 0 పెడితే తరుగే లేకుండా బిల్లు వస్తుంది. అంకె కనబడుతుంది కాబట్టి ఎవరూ అడగరు. ఖాళీగా వచ్చింది కాబట్టే ఆ రైతు వెనక్కి వచ్చాడు. కనబడే తప్పును కనబడని తప్పుగా మార్చడం అవుతుంది.

హంద్రీ, నీ దాంట్లో జరిగింది ఇది. కేస్‌లో ఏ వెన్ కూడా కుదరకపోయి, ఎల్స్ కూడా లేకపోతే నల్, అంటే విలువ తెలియని ఖాళీ, వస్తుంది. బరువు లోంచి నల్ తీసేస్తే నల్. దాన్ని రేటుతో గుణిస్తే మళ్లీ నల్. ఒక్క గడిలో పుట్టింది చివరి దాకా పాకింది. ఆ రోజు మొత్తం అమ్మకం రిపోర్టు కూడా చూసుకో. సమ్ అనేది నల్‌లను వదిలేసి మిగతావి కూడుతుంది. ఆ పట్టీలు మొత్తంలో లేకుండా పోయి ఉంటాయి, ఎర్రర్ ఏమీ రాదు.

ముందు సెలెక్ట్ గ్రేడ్, కౌంట్(*) ఫ్రమ్ సరుకు గ్రూప్ బై గ్రేడ్ కొట్టి, ఏ గ్రేడువి ఎన్ని వచ్చాయో ఇక్కడ పెట్టు.

హంద్రీ_గట్టు · 9:10
అక్కా, ఈ వారంవి మొత్తం 888. ఎ 212, బి 431, సి 238, నల్ 3. ఇంకో వరుసలో మళ్లీ బి అనే వచ్చింది, 4. బి రెండుసార్లు ఎందుకొచ్చింది?

సీమ_సర్వర్ · 9:12
ఆ రెండో బి వెనకాల స్పేస్ ఉంది. లెంగ్త్ చూడు.

హంద్రీ_గట్టు · 9:15
ఉంది. 2 అని వస్తోంది. కోడుమూరు రైతుది ఇందులోదే. కానీ పాత కంప్యూటర్‌లో రిపోర్టులు తీసేటప్పుడు ఇలా ఎప్పుడూ విడిపోలేదు. అక్కడ కూడా గుమస్తా ఇలాగే కొట్టి ఉంటాడు కదా?

డీబీ_మామ · 9:31
పాత దాంట్లో మైఎస్‌క్యూఎల్ 5.7, కొత్త దాంట్లో 8.0 అయ్యుంటుంది. టేబుళ్లు కొత్తగా క్రియేట్ చేశావా?

హంద్రీ_గట్టు · 9:33
అవును మామా, 8.0. పాతది మూలకు పడ్డాక టేబుళ్లు కొత్తగా కట్టి, ఎక్సెల్ షీట్ల నుంచి లోడ్ చేశాను.

డీబీ_మామ · 9:44
అదే సంగతి. పాత కొలేషన్లు (అక్షరాలను పోల్చే నియమాలు) పోల్చేటప్పుడు చివరి స్పేసులను లెక్కలోకి తీసుకోవు. 'బి', 'బి ' రెండూ వాటికి ఒకటే. 8.0లో డిఫాల్ట్‌గా వచ్చే యూటీఎఫ్8ఎంబీ4_0900_ఎఐ_సీఐ అలా కాదు, స్పేసును కూడా ఒక అక్షరంగానే చూస్తుంది. మాకు కూడా ఒక విత్తనాల షాపు స్టాకులో ఇదే జరిగింది. ఒకే రకం రెండు పేర్లతో రెండు స్టాకులుగా కనబడేది. రెండు రోజులు వెతికాం.

ట్రిమ్‌తో చివరి స్పేసులు తీసేసి ఒకసారి డేటా శుభ్రం చెయ్. అంతకంటే ముఖ్యం, గ్రేడు గడిని టైపు కొట్టనివ్వకు. ఎ, బి, సి మూడింటిలో ఒకటి ఎంచుకునేట్టు పెట్టు. కాలమ్‌కు నాట్ నల్ పెట్టు, ఖాళీగా వదలనివ్వదు. కేస్ ఎంత శుభ్రంగా రాసినా లోపలికొచ్చే మాట శుభ్రంగా లేకపోతే పని జరగదు.

బండల_బాబు · 9:47
వెన్ నల్ దెన్ 4 అని ఇంకో వెన్ పెడితే ఆ మూడూ కూడా పట్టుకోవచ్చు కదా?

పెన్నమ్మ · 9:55
పట్టుకోవు. కేస్ గ్రేడ్ వెన్ అని రాసినప్పుడు లోపల జరిగేది గ్రేడ్ = ఇది అనే పోలిక. నల్ దేనితో పోల్చినా, ఇంకో నల్‌తో పోల్చినా, జవాబు అవును అని రాదు. నల్ అంటే తెలియదు అని అర్థం. తెలియనిది తెలియనిదానికి సమానమా అంటే అదీ తెలియదు. కేస్ వెన్ గ్రేడ్ ఈజ్ నల్ దెన్ అని రెండో పద్ధతిలో రాస్తేనే పడుతుంది. ఒరాకిల్ డేటాబేస్‌లో కేస్ బదులు డీకోడ్ వాడేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది, ఎందుకంటే డీకోడ్ రెండు నల్‌లను సమానంగా చూస్తుంది. దాని అలవాటుతో కేస్ రాస్తే దెబ్బ తింటారు.

చీనీతోట · 10:02
మాది అనంతపురం. ఒరాకిల్‌లో ఇంకోటి ఉంది, ఖాళీ స్ట్రింగును (ఒక్క అక్షరం కూడా లేని మాట) కూడా నల్‌గానే పెట్టుకుంటుంది. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌లలో రెండూ వేరు. డేటా అటు నుంచి ఇటు తెచ్చేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

మిద్దె_మీద · 10:20
అందరూ తరుగు గురించే మాట్లాడుతున్నారు. హమాలీ కేస్ ఎవరైనా చూశారా?

వెన్ సంచులు > 0 దెన్ 12 అని మొదటే ఉంది. కేస్ పైనుంచి కిందికి చూసుకుంటూ పోయి, మొదట కుదిరినదాని దగ్గర ఆగిపోతుంది. 62 సంచులు సున్నా కంటే ఎక్కువే. 140 సంచులూ సున్నా కంటే ఎక్కువే. కింది రెండు వెన్‌ల దాకా ఎవరూ రారు. హంద్రీ, నీ మండీలో ఈ వారం అందరికీ 12 రూపాయలే పడింది.

సీమ_సర్వర్ · 10:22
నిజమే. నేను చూడలేదు.

పెన్నమ్మ · 10:24
నేనూ చూడలేదు. బాగా పట్టుకున్నావు.

హంద్రీ_గట్టు · 10:52
నాకు చేతులు ఆడలేదు కాసేపు. చూశాను. అందరికీ 12.

51 నుంచి 100 సంచుల వాళ్లవి 143 పట్టీలు, 9,867 సంచులు, సంచికి 2 రూపాయలు ఎక్కువ. 100 దాటినవి 38 పట్టీలు, 4,912 సంచులు, సంచికి 4 ఎక్కువ. మొత్తం 39,382 రూపాయలు రైతుల దగ్గర ఎక్కువ పట్టుకున్నాం. ఒక్కరు కూడా అడగలేదు. ఎలా అడుగుతారు, పట్టీలో అంకె ఉంది కదా.

చీనీతోట · 10:58
టెన్షన్ పడొద్దు అన్నా, ఒక్క వారమే కదా, పట్టీ నంబర్లు ఉన్నాయి. ఒకటి అడుగుతాను. 50 దాటితే 10 అంటే, దాటిన సంచులకు మాత్రమే 10నా, మొత్తం సంచులకా? రెంటికీ క్వెరీ వేరే.

హంద్రీ_గట్టు · 11:01
మొత్తానికి. లోడు పెద్దదైతే మొత్తం లోడుకే తక్కువ రేటు.

చీనీతోట · 11:04
అయితే 50 సంచుల వాడు 600 కడతాడు, 51 సంచుల వాడు 510 కడతాడు. రైతులకు తెలిస్తే అందరూ 51 సంచులే తెస్తారు :)

సరే, అది మండీ ఇష్టం. వెన్‌లు తిరగేసి రాయి. > 100 ముందు, > 50 తర్వాత, > 0 చివర.

జావా_వీధి · 11:15
ఇందుకే నేను ఎప్పుడూ చెప్పేది, ఇలాంటి నియమాలు క్వెరీలో ఉండకూడదు. ప్రోగ్రాంలో ఒక ఫంక్షన్‌గా రాస్తే 50, 51, 100, 101 ఇచ్చి టెస్టులు రాసుకోవచ్చు. డేటాబేస్ డేటా దాచుకోవడానికి. డబ్బు లెక్కను సెలెక్ట్‌లో ఇరికిస్తే ఎవరు టెస్ట్ చేస్తారు?

డీబీ_మామ · 11:29
జావా, టెస్ట్ చెయ్యాలన్న మాట ఒప్పుకుంటాను. క్వెరీలో ఉండకూడదన్నది ఒప్పుకోను. ఆ మండీలో పట్టీ ప్రింటు ఒక చోట నుంచి, రోజు మొత్తం ఎక్సెల్ నుంచి, యజమాని ఫోన్లో చూసేది ఇంకో చోట నుంచి వస్తాయి. ఫంక్షన్ ఒక ప్రోగ్రాంలో ఉంటే మిగతా రెండు చోట్ల మళ్లీ రాయాలి. మూడు చోట్ల రాసినది మూడు రకాలుగా మారుతుంది. ఒక వ్యూలో (పేరు పెట్టి డేటాబేస్‌లోనే దాచిన క్వెరీ) పెడితే అందరూ దాని లోంచే చదువుతారు. కేస్ 1992 నాటి ఎస్‌క్యూఎల్ స్టాండర్డ్ నుంచే ఉంది, పెద్ద డేటాబేస్‌లన్నిట్లో ఒకేలా పనిచేస్తుంది. ఇఫ్, ఐఐఎఫ్ లాంటివి ఒక్కో దాంట్లో ఒక్కోలా ఉంటాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఐఐఎఫ్ 2012లో వచ్చింది, లోపల దాన్ని కూడా కేస్‌గానే మార్చుకుంటుంది.

జావా_వీధి · 11:34
వ్యూకు టెస్ట్ ఎవరు రాస్తారు మామా?

డీబీ_మామ · 11:36
నేను రాస్తాను. 50, 51, 100, 101, 0, నల్ పెట్టి ఆరు వరుసలు, పక్కన రావాల్సిన జవాబు. కలవని వరుసలే చూపించే సెలెక్ట్ ఒకటి. నువ్వు చెప్పిన పనే, వేరే చోట.

కడప_గడప · 11:50
నాది ఇంకో రకం. ఇది చదివే వాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను, నాకు మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడదడలాడుతుంది.

ఒక స్కూలు ఫీజుల సాఫ్ట్‌వేర్. తొమ్మిది, పది తరగతులకు ఫీజు మారింది. అప్‌డేట్ విద్యార్థులు సెట్ ఫీజు = కేస్ తరగతి వెన్ 9 దెన్ ఇంత వెన్ 10 దెన్ ఇంత ఎండ్ అని రాశాను. కేస్‌లో తరగతి చెప్పాను కదా, మిగతా వాళ్ల జోలికి పోదు అనుకున్నాను. సాయంత్రం ఏడింటికి ఎంటర్ కొట్టాను. మారాల్సింది 96 మంది. తెర మీద 1,812 వరుసలు మారాయి అని పడింది. ఎల్‌కేజీ నుంచి ఎనిమిదో తరగతి దాకా అందరి ఫీజూ నల్.

ఏ వరుసలు మారాలో చెప్పేది వేర్. ఏ విలువ పడాలో చెప్పేది కేస్. అప్పటి దాకా నాకు ఈ రెండూ ఒకటే అన్నట్టు ఉండేవి. ముందు రాత్రి బ్యాకప్ ఉంది, దాని లోంచి తెచ్చుకుని, ఆ రోజు కట్టిన ఫీజులు రసీదు పుస్తకాలు చూసి మళ్లీ ఎక్కించేసరికి అర్ధరాత్రి దాటింది. అప్పటి నుంచి అప్‌డేట్‌లో కేస్ ఉంటే ఎల్స్ ఫీజు అని చివర రాస్తాను, అంటే ఉన్నదే ఉండనీ అని. వేర్ కూడా పెడతాను. స్టార్ట్ ట్రాన్సాక్షన్ కొట్టి, లెక్క చూసుకున్నాకే కమిట్ కొట్టి ఖాయం చేస్తాను.

మిద్దె_మీద · 11:57
కడప అక్కా, ఇది ప్రింట్ తీసి గోడకు అంటించుకుంటా.

తాడిపత్రి_టెక్ · మర్నాడు ఉదయం 7:18
ఉగ్గాని తింటూ మొత్తం చదివాను. మా బండల పాలిష్ ఫ్యాక్టరీలో జరిగింది చెబుతాను. పగిలిన పలకలు ఎన్నో లెక్కపెట్టమన్నారు. కౌంట్(కేస్ వెన్ స్థితి = 'పగిలింది' దెన్ 1 ఎల్స్ 0 ఎండ్) అని రాశాను. ప్రతి లోడులోనూ అన్నీ పగిలినట్టే వచ్చింది. కౌంట్ అనేది నల్ కానిదాన్నల్లా లెక్కపెడుతుంది, 0 కూడా నల్ కాదు కదా. ఎల్స్ తీసేయాలి, లేదా కౌంట్ బదులు సమ్ పెట్టాలి. ఇక్కడ ఎల్స్ లేకపోవడమే సరైనది. కాబట్టి ఎల్స్ ఎప్పుడూ పెట్టాలి అని కళ్లు మూసుకుని కూడా అనలేం.

చీనీతోట · 7:40
పోస్ట్‌గ్రెస్ 9.4 నుంచి ఫిల్టర్ ఉంది. కౌంట్(*) ఫిల్టర్ (వేర్ స్థితి = 'పగిలింది'). చదివితేనే అర్థమైపోతుంది. మైఎస్‌క్యూఎల్ వాళ్లకు కేసే గతి.

బండల_బాబు · 8:05
సున్నాతో భాగించకుండా కేస్ పెట్టుకుంటే చాలు కదా? మొదటి వెన్ కుదరకపోతే దెన్ జోలికి పోదు కాబట్టి.

పెన్నమ్మ · 8:21
మామూలు వరుసల మీద చాలావరకు నిజం. కానీ లోపల సమ్, యావరేజ్ లాంటివి ఉంటే కాదు. అవి ముందే లెక్కైపోతాయి, కేస్ తర్వాత వస్తుంది. కేస్ వెన్ మిన్(సంచులు) > 0 దెన్ యావరేజ్(బరువు / సంచులు) అని పోస్ట్‌గ్రెస్‌లో రాస్తే, ఒక్క సున్నా ఉన్నా ఎర్రర్ కొడుతుంది. వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఈ హెచ్చరిక ఉంది. బరువు / నల్‌ఇఫ్(సంచులు, 0) అని రాస్తే సున్నా ఉన్న చోట నల్ వస్తుంది, యావరేజ్ దాన్ని వదిలేస్తుంది.

కొండారెడ్డి_బురుజు · 9:02
కర్నూలు నుంచే. హంద్రీ మండీలో ఆ రేట్లు మారవా? మారితే కేస్ మార్చాలి. మార్చిన రోజు నుంచి పాత పట్టీ మళ్లీ ప్రింట్ తీస్తే కొత్త రేటు పడుతుంది. అది ఇంకా పెద్ద గొడవ.

మా దగ్గర జిల్లాతో ఇదే వచ్చింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి కదా. కర్నూలు లోంచి నంద్యాల విడిపోయింది. పాత రికార్డులు కర్నూలు కింద, కొత్తవి నంద్యాల కింద చూపించాలన్నారు. మొదట నియోజకవర్గాన్ని బట్టి కేస్ రాశాను. పాణ్యం దగ్గర బోల్తా పడింది. పాణ్యం, గడివేముల మండలాలు నంద్యాలకు పోయాయి, అదే నియోజకవర్గంలోని కల్లూరు, ఓర్వకల్లు కర్నూలులోనే ఉన్నాయి. మండలాన్ని బట్టి రాస్తే కేస్ ఒక పేజీ పొడవైంది. రాసిన నేనే వారం తర్వాత చదవలేకపోయాను.

చివరికి ఒక టేబుల్ కట్టాను: మండలం, జిల్లా, ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా. దాన్ని రికార్డుల టేబుల్‌తో జాయిన్ చేస్తే అయిపోయింది. ఇప్పుడు ఏదైనా మారితే ఒక వరుస కలుపుతాను, క్వెరీ ముట్టుకోను.

డీబీ_మామ · 9:20
బురుజు చెప్పిందే సరైన దారి. నిన్న నేనే చెప్పాల్సింది. హమాలీ_రేట్లు అని టేబుల్: సంచులు_నుంచి, సంచులు_వరకు, రేటు, అమలు_నుంచి, అమలు_వరకు. 1-50, 51-100, 101 పైన. మూడు వరుసలు. యజమాని రేటు మారిస్తే నీకు ఫోన్ కూడా అక్కర్లేదు.

మిద్దె_మీద · 9:26
ఒక జాగ్రత్త. రెండు అంకెల మధ్య ఉందా అని చూసే బిట్వీన్ రెండు చివర్లనూ కలుపుకుంటుంది. 1-50, 50-100 అని ఎక్కిస్తే 50 సంచుల పట్టీ రెండు వరుసలకూ తగిలి బిల్లు రెండుసార్లు వస్తుంది. తేదీలకూ ఇదే.

జావా_వీధి · 9:41
టేబుల్ అయితే నాకూ సమ్మతమే. ప్రోగ్రాం కూడా అదే టేబుల్ చదువుకుంటుంది. మామతో నేను ఒప్పుకున్న రోజు రాసి పెట్టుకోండి.

సీమ_సర్వర్ · 9:43
రాశాం :)

బండల_బాబు · 10:10
అయితే కేస్ ఇంకెక్కడ వాడాలి? అంతా టేబుల్ అయితే?

పెన్నమ్మ · 10:25
రేట్లు, పేర్లు, జిల్లాలు లాంటివి మారుతుంటాయి, అవి టేబుల్‌లో ఉండాలి. రిపోర్టులో చూపించే తీరు కేస్‌లో ఉండొచ్చు. ఉదాహరణకు డబ్బు అందని పట్టీలు ముందు రావాలి, అందినవి తర్వాత. ఆర్డర్ బై కేస్ వెన్ చెల్లింపు ఈజ్ నల్ దెన్ 0 ఎల్స్ 1 ఎండ్. ఇలాంటివాటికి టేబుల్ కట్టక్కర్లేదు. ఇంకోటి, వేర్‌లో మాత్రం కాలమ్‌ను కేస్ లోపల చుట్టి పెట్టకు. ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టే సూచిక) ఉన్నా దాన్ని వాడుకోలేక టేబుల్ మొత్తం తిరగేస్తుంది. అక్కడ మామూలు అండ్, ఆర్ చాలు.

హంద్రీ_గట్టు · సాయంత్రం 6:35
పొద్దున్నే యజమానికి చెప్పాను. భయపడుతూనే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎంతమంది?" అని అడిగి, లిస్టు తీయమన్నాడు. ఎక్కువ పట్టుకున్నది వెనక్కి ఇచ్చెయ్యమన్నాడు.

హమాలీ_రేట్లు టేబుల్ కట్టాను. గ్రేడు గడిలో ఎంచుకోవడమే తప్ప టైపు కొట్టడం లేదు. గ్రేడు లేని మూడు పట్టీలకు సరుకు చూసిన గుమస్తానే అడిగి రాశాను. మామ చెప్పిన ఆరు వరుసల టెస్ట్ పెట్టాను. మొదటిసారి నల్ వరుస కలవలేదు, సంచులు గడికి నాట్ నల్ పెట్టడం మరిచాను. ఇప్పుడు అన్నీ కలుస్తున్నాయి.

కోడుమూరు ఆయనది మళ్లీ వేశాను. 31 క్వింటాళ్లు, బి గ్రేడు, తరుగు పోగా 29.76. రేటుతో 41,664. హమాలీ 620 పోతే 41,044. నిన్న చేత్తో లెక్క కట్టేటప్పుడు హమాలీ తెర మీద చూసి 744 పట్టుకున్నాం, 40,920 ఇచ్చాం. 124 రూపాయలు బాకీ. ఫోన్ చేసి చెప్పాను. "124కా ఫోన్ చేసినావు?" అన్నాడు. గురువారం మళ్లీ సరుకు తెస్తాడట, అప్పుడు తీసుకుంటానన్నాడు. పక్క ఊరి వాళ్లకు కూడా చెబుతానని, ఎవరెవరో పేర్లు చదవమన్నాడు.

143లో ఇప్పటికి 31 మందికి చేశాను, 38లో 12 మందికి. కొన్ని నంబర్లు కలవడం లేదు. వాళ్లకు పట్టీ మీదే చూపించేట్టు, తర్వాతి సరుకులో కలిపి ఇవ్వాలి. దానికి క్వెరీ రాస్తున్నాను. రాత్రికి ఇక్కడ పెడతాను, ఒకసారి చూడండి.

మిద్దె_మీద · 6:41
పెట్టు. వెన్‌ల వరుస నేను చూస్తాను.

పెన్నమ్మ · 6:44
నల్‌లు నేను చూస్తాను.